ఎడారి గుమ్మంలో పిడికిళ్ళ బియ్యం

దేవునికి స్తోత్రం. వాన ఆగని ఊళ్ళోనూ, వాన ఎరగని ఊళ్ళోనూ మా గిన్నెలో అన్నం పెట్టినవాడికి స్తోత్రం. మేము నోరు తెరిచి అడిగినప్పుడు విన్నవాడికి, నోరు పెగలక ఊరుకున్నప్పుడు పక్కనే కూర్చున్నవాడికి స్తోత్రం. ఈ మాట ముందు రాయకుండా మిగతాది మొదలుపెట్టడం నాకు చేతకాదు. మా నాన్నగారు తెనాలి దగ్గర ఒక చిన్న సంఘానికి కాపరి. ఉత్తరం రాసినా, సరుకుల చీటీ రాసినా, కాగితం పైన ఒక స్తోత్రం పెట్టాకే కలం కదిపేవారు. ఆయన బిడ్డగా నాకూ అదే అలవాటయింది.

మా వారు ఐర్లండ్‌లోని స్లైగోలో మత్తు డాక్టరు. ఆపరేషన్‌కి ముందు రోగిని నిద్రపుచ్చి, అయ్యాక లేపడం ఆయన పని. నేను ఇల్లు చూసుకుంటూ, మా తెలుగు సంఘం పిల్లలకు ఆదివారం బడి చెబుతుంటాను. మాకు ఒక్కతే అమ్మాయి. అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు. మేము తెలుగులో అడిగితే స్లైగో యాసలో ఇంగ్లీషులో జవాబు చెబుతుంది.

పిడికెడు బియ్యం అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. మా సంఘాల్లో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. వేసేటప్పుడు ఎవరి కోసమో ఒక చిన్న ప్రార్థన చేసుకుంటారు. ఆదివారం ఆ బియ్యం మందిరానికి తీసుకెళ్తారు. వచ్చినవాళ్ళకి దానితోనే వండుతారు, లేనివాళ్ళకి ఇస్తారు. అవి దేవుని బియ్యం. ఇంట్లోవాళ్ళు ముట్టుకోరు. మా అమ్మ ఒక వర్షాకాలంలో మమ్మల్ని రాగిజావతో పడుకోబెట్టింది గానీ, ఆ కుండ మూత తియ్యలేదు.

స్లైగోలో నా కుండ క్రిస్మస్‌కి ఎవరో ఇచ్చిన పెద్ద చాక్లెట్ డబ్బా. వంటింటి అల్మారాని ఇక్కడ ప్రెస్ అంటారు, మేమూ అలాగే అంటాం. ఆ ప్రెస్ కింది అరలో ఉండేది డబ్బా. నెలకొకసారి ఏడెనిమిది కుటుంబాలం ఒక హాలు అద్దెకి తీసుకుని కూడుకునేవాళ్ళం. అందరి పిడికెళ్ళూ కలిపి అక్కడే అన్నం వండి, మిగిలిన బియ్యం కొత్తగా వచ్చిన చదువుకునే పిల్లల చేతికిచ్చి పంపేవాళ్ళం.

కరోనా వచ్చి హాలు మూతపడింది. ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదన్నారు. కూడికలు జూమ్‌లోకి వచ్చాయి. నేను మాత్రం పిడికెడు తియ్యడం మానలేదు. డబ్బా నిండింది. ఇంకో డబ్బా పెట్టాను, అదీ నిండింది. మూడోది కూడా నిండాక అన్నీ కలిపి ఒక ఖాళీ బియ్యం సంచిలో పోసి, మూతికి బట్టల క్లిప్పు పెట్టి, ప్రెస్‌లో మా ఇంటి బియ్యం సంచి పక్కనే నిలబెట్టాను. నేను చేసిన తెలివితక్కువ పని అదే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో మేము ఏ బియ్యం దొరికితే అవి తిన్నాం. బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఉన్న మనవాళ్ళ కొట్టు నుంచి పార్సిల్ వస్తే సన్నబియ్యం. రాకపోతే సూపర్‌మార్కెట్‌లో పొడుగు బాస్మతి. అదీ అయిపోతే ఏ దేశానివో తెలియని పొట్టి బియ్యం. ఒక వారం ఇడ్లీ బియ్యమే వండాను. ఏది వండితే అందులోంచే ఒక పిడికెడు సంచిలోకి వెళ్ళింది.

ఇక మా వారి సంగతి. మా ఇంట్లో భోజనానికి ముందు ప్రార్థన ఎప్పుడూ ఆయనదే. ఎంత పొడుగు ప్రార్థన అంటే, ఆమెన్ అనేసరికి చారు చల్లారేది. పిల్ల ఒక కన్ను తెరిచి అప్పడం వైపు చూస్తుండేది. అలాంటి మనిషి రెండో ఏడాది చలికాలంలో, ఆసుపత్రిలో బాగా కష్టంగా ఉన్న ఆ జనవరి తర్వాత, ఒక సాయంత్రం కంచం ముందు కూర్చుని, "నువ్వు చెయ్యమ్మా," అన్నాడు పిల్లతో. అలిసిపోయాడనుకున్నాను. మర్నాడూ అదే మాట. వారం తర్వాతా అదే. జూమ్ కూడికలో తన వంతు వస్తే, "నెట్ సరిగ్గా లేదు, మీరు కానివ్వండి బ్రదర్," అనేవాడు. నెట్ బాగానే ఉండేది.

ప్రార్థన మానేసినవాళ్ళని నేను చిన్నప్పటి నుంచి చూశాను. వాళ్ళు మందిరానికి రావడమే మానేస్తారు. ఈయన అలా కాదు. వచ్చి కూర్చుంటాడు, తల వంచుతాడు, కళ్ళు మూసుకుంటాడు. నోరు మాత్రం తెరవడు. ఒకసారి అడిగాను. "అడక్కు," అన్నాడు, కోపం లేకుండానే. ఇక అడగలేదు. ఆయన నోటి నుంచి ఒక్క ప్రార్థన వింటే చాలనుకున్నాను. అప్పటి నుంచి ప్రతి పిడికెడుకీ అదే అడిగాను.

ఆ ఏడాది శరత్కాలంలో ప్రయాణాలు తెరిచారు. అంతకుముందు మా సంఘమంతా పరిశుద్ధ దేశం వెళ్ళాలనుకున్నాం. కరోనాతో ఆగిపోయింది, ఆ తలుపులు ఇంకా మూసే ఉన్నాయి. కాలవల మధ్య పెరిగిన నేను ఎడారి అనేది చూడలేదు. కానీ పిల్లలకు చెప్పే కథలన్నీ అక్కడే జరుగుతాయి. నీటి తిత్తి అయిపోయి బిడ్డని పొద కింద పడుకోబెట్టి ఏడ్చిన తల్లి, ఇక చాలు ప్రభువా అని చెట్టు కింద నిద్రపోయిన ప్రవక్త, వీళ్ళందరి గురించీ చూడని చోటు చూసినట్టు చెబుతుంటాను. ఒక్కసారి చూడాలని ఉందని అన్నాను. ఆసుపత్రిలో ఒక నర్సమ్మ మా వారితో, "మొరాకో వెళ్ళండి డాక్టర్, నాలుగు రోజులు ఎండ తగిలితే గ్రాండ్‌గా అయిపోతారు," అందట. ఇక్కడ గ్రాండ్ అంటే బాగవడం. ఆయన ఎండ కోసం ఒప్పుకున్నాడు, నేను ఎడారి కోసం, పిల్ల ఒంటెల కోసం. బడికి సెలవులిచ్చిన వారంలో బయలుదేరాం.

మనవాళ్ళు ఎక్కడికి వెళ్ళినా కుక్కరూ పచ్చడీ వెంట ఉండాలి కదా. నేను మేడ మీద బట్టలు, టీకా కాగితాలు సర్దుతూ, "ఏమండీ, ప్రెస్‌లో బియ్యం ఉన్నాయి, రెండు కవర్లలో పొయ్యండి," అని కేకేశాను.

"ఏ సంచిలోవి?"

"సంచిలోవే!"

ఇంటి బియ్యం కూడా సంచిలోనే ఉంటాయని నేను ఆలోచించలేదు. రెండో సంచి ఏమిటని ఆయన అడగలేదు. క్లిప్పు ఉన్న సంచి తీయడం తేలికని దానిలోవే పోశాడు.

మర్రాకెష్‌లో దిగి, అంచున మంచు ఉన్న కొండల మీదుగా సగం రోజు కారులో వెళ్తే వర్జాజాత్ అనే ఊరు. ఎడారి గుమ్మం అంటారు దాన్ని. వెనక కొండలు, ముందు దక్షిణంగా అంతులేని మెట్ట. ఒకప్పుడు ఉప్పు, బంగారం మోసే ఒంటెల బిడారులు ఇక్కడే ఆగి నీళ్ళు నింపుకుని వెళ్ళేవట. ఊళ్ళో ఇళ్ళన్నీ మట్టి రంగు. మాకు కారు తోలినాయన యాభై ఏళ్ళవాడు. మేము దిగింది ఆయన తల్లి ఇంట్లోనే. నాలుగు గదులు అతిథులకు ఇచ్చే మట్టి ఇల్లు. ఏడాదిన్నరగా గదుల తాళాలు తియ్యలేదట. తల్లికి డెబ్భై దాటి ఉంటాయి. గడ్డం మీద చిన్న పచ్చబొట్టు. మమ్మల్ని చూడగానే మాస్కు కిందికి లాగి నవ్వి, అయ్యో అనుకుని మళ్ళీ పైకి లాక్కుంది. ఆవిడకి మా భాష రాదు, మాకు ఆవిడ భాష రాదు. మధ్యలో కొడుకు వచ్చీరాని ఇంగ్లీషు.

మా పిల్ల కారు దిగి నాలుగు దిక్కులూ చూసింది. "వేర్ ఈజ్ ది సాండ్? ఇట్స్ ఆల్ స్టోన్స్, మమ్మీ."

నిజమే. నేను అనుకున్న ఇసుక తిన్నెలు లేవు. ఎర్రటి రాళ్ళు, గట్టి నేల, అక్కడక్కడా ముళ్ళ పొదలు. ఇసుక చూడాలంటే ఇంకా ఒక రోజు ప్రయాణం చెయ్యాలట.

"ఇసుక కావాలంటే మన స్ట్రాండ్‌హిల్ బీచ్‌కే వెళ్ళేవాళ్ళం కదే," అన్నాడు మా వారు. "ఐదు కిలోమీటర్లకి కొంచెం అటూ ఇటూ."

చాలా నెలల తర్వాత ఆయన వేసిన మొదటి హాస్యం అది. ఎడారికి వచ్చిన ఖర్చు సగం అక్కడే తీరిందనుకున్నాను.

ఆ సాయంత్రం ఐర్లండ్ ప్లగ్గుకు అడాప్టరు తగిలించి కుక్కరు పెట్టాను. ప్రయాణం బడలికలో బియ్యం సరిగ్గా చూడలేదు. అన్నం వింతగా వచ్చింది.

"ఏంటోయ్ ఇది? సగం పలుకు, సగం ముద్ద."

"కొండ ఎక్కి వచ్చాం కదండీ, ఎత్తు మీద అన్నం ఉడకదు."

"ఎత్తు మీదైతే మొత్తం పలుకుండాలి. ముద్ద ఎందుకవుతుంది?"

"సైన్సు తర్వాత, ముందు తినండి."

పిల్ల ఇంగ్లీషులో రెండు ముక్కల ప్రార్థన చేసింది. ఆయన తల వంచుకుని విన్నాడు. తిన్నాం. మర్నాడు ఉదయం అదే అన్నంలో పెరుగు కలుపుకుని తిన్నాం.

రెండో రోజు చుట్టుపక్కల చూశాం. ఊళ్ళో పాత మట్టి కోట ఉంది. చిన్న చిన్న కిటికీలు, తల వంచితేనే పట్టే గుమ్మాలు. తర్వాత కొంత దూరంలో వాగు ఒడ్డున కొండకి అతుక్కున్న మట్టి ఊరు, ఐత్ బెన్ హద్దు, చూపించాడు కారు ఆయన. ఇళ్ళ మీద ఇళ్ళు, బురుజులు, అన్నీ ఆ నేల రంగే. వానకి కరిగితే మళ్ళీ అదే మట్టి తెచ్చి మెత్తుతారట. "రెండేళ్ళుగా మెత్తేవాళ్ళు తక్కువ," అన్నాడు. అతిథులు రాకపోతే అక్కడ ఉండేవాళ్ళకి పనేముంది.

మెట్లెక్కి పైకి పోతే కొండ నెత్తిన కూలిన గోడలు కొన్ని ఉన్నాయి. అంత ఎత్తున, అంత భద్రంగా ఏం దాచేవారని అడిగాను. నగలా, ఆయుధాలా?

"గింజలు," అన్నాడాయన. "ఊరందరి గింజలు. ఎవరి వాటా వాళ్ళు ఇక్కడ పోసేవారు. కరువొస్తే ఇదే ఊరి ప్రాణం. దొంగతనం చేస్తే ఊళ్ళోంచి వెలి."

నేను ఆ గోడ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ప్రెస్‌లో నా సంచి గుర్తొచ్చింది. తిరిగి వెళ్ళాక హాలు తెరిస్తే ముందుగా ఆ బియ్యం అప్పజెప్పాలి అనుకున్నాను. అప్పటికే అందులో నాలుగు గ్లాసులు నా కడుపులో, నా మొగుడి కడుపులో, పిల్ల కడుపులో ఉన్నాయని తెలియదు.

మూడో రోజు ఉదయం తెలిసింది. ఆ ఇంటి డాబా మీద కొళాయి దగ్గర ఎండలో కూర్చుని బియ్యం కడగబోయాను. స్లైగో వంటింట్లో దీపం కింద కనిపించనివి ఆ ఎండలో గింజ గింజా విడిగా కనిపించాయి. పొడుగువి, పొట్టివి, లావువి. తెల్లవి, కొంచెం పచ్చగా ఉన్నవి. ఇడ్లీ బియ్యపు ఉండ్రాయిలాంటి గింజలు. చేతులు నీళ్ళలో అలాగే ఆగిపోయాయి.

"ఏమండీ!" అని నేను అరిచిన అరుపుకి ఆయన సగం గడ్డం గీసుకున్న మొహంతో పైకి పరిగెత్తుకొచ్చాడు. తేలు కుట్టిందనుకున్నాడట.

"ఏ సంచిలోవి పోశారు?"

"నువ్వు చెప్పిన సంచిలోవే."

"క్లిప్పున్నదా, లేనిదా?"

"క్లిప్పున్నదే. ఏమయింది?"

"అవి దేవుని బియ్యమండీ. రెండు రోజులుగా దేవుని బియ్యం తింటున్నాం."

ఆయన గిన్నెలోకి చూశాడు. ముందు నవ్వొచ్చినట్టుంది. "అందుకన్నమాట పలుకూ ముద్దానూ," అన్నాడు. నా మొహం చూసి తగ్గాడు. "ఆకలేసిన రోజు రాజుగారు గుడిలో దేవుడికి పెట్టిన రొట్టె తిన్నాడు కదా. నువ్వే చెబుతావు పిల్లలకి."

"మీరు రాజుగారా? తోడుగా దండు ఏదీ? అడాప్టరూ కుక్కరూనా?"

"సర్లే, ఇంటికెళ్ళాక రెండింతలు పోద్దాం."

"పొయ్యడం కాదండీ. ఒక్కో పిడికెడు ఒక్కో పూట వేశాను. అది రెండింతలు ఎలా పోస్తారు?" నాకు ఏడుపొచ్చింది. చిన్న విషయానికి ఏడుస్తున్నానని నాకే సిగ్గేసింది. అయినా ఆగలేదు.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని నా పక్కన నేల మీద చతికిలబడ్డాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"వేసేటప్పుడు ఏదో అంటావు కదా. ఏమనేదానివి?"

"మొదట్లో మీరు క్షేమంగా ఇంటికి రావాలని. చలికాలంలో మీ వార్డులో ఉన్నవాళ్ళ కోసం."

"తర్వాత?"

"మీ నోరు తెరిపించమని."

పిట్టగోడ అవతల కొండలు కనిపిస్తున్నాయి. వాటిని చూస్తూ ఆయన చెప్పాడు. ఆ మాటలు వీలైనంత ఆయన చెప్పినట్టే రాస్తున్నాను.

"జనవరిలో ఒకాయన వచ్చాడు. లీట్రిమ్ వైపు రైతు. ఊపిరి అందట్లేదు, ట్యూబ్ వెయ్యాలి. వేస్తే నిద్రలోకి పోతాడు, మళ్ళీ ఎప్పుడు లేస్తాడో చెప్పలేం. మాస్కు తీసి మాట్లాడటానికి ఒక్క నిమిషమే. నా చెయ్యి పట్టుకుని, డాక్టర్, నువ్వు ప్రార్థన చేసేవాడివేనా, అని అడిగాడు. చేస్తానన్నాను. ఇంట్లో మా ఆవిడ ఒక్కతే, ఒక ఆవు ఈనడానికి ఉంది, అప్పటికి లేస్తానా, అన్నాడు. అప్పుడు నేనేమన్నానో తెలుసా? దేవుడి పేరు మీద మాటిస్తున్నాను, లేస్తావు అన్నాను. ఇక్కడివాళ్ళు అంతా దేవుడి దయ అన్నట్టు మాటమాటకీ ప్లీజ్ గాడ్ అంటారు చూడు, అలా అలవాటుగా అనలేదు. నిజంగా మాటిచ్చాను. ఆయన నవ్వి కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరవలేదు." తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "లేపడం నా పని. మాటిచ్చింది దేవుడి పేరు మీద. ఎవరినడిగి ఇచ్చాను? ఇప్పుడు ప్రభువా అని నోరు తెరిస్తే ఆ మాటే నోటికి అడ్డం పడుతుంది."

నేను కాపరి కూతుర్ని. దుఃఖంలో ఉన్నవాళ్ళకి చెప్పవలసిన వాక్యాలు పదో పరకో నా నాలుక చివర ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఆ ఉదయం ఒక్కటి కూడా చెప్పలేదు. దేవుడే నా నోరు పట్టుకున్నాడు.

"ఆయన కోసం కూడా ఇందులో ఉంది," అన్నాను.

"ఎవరికోసం?"

"ఆ రైతు కోసం. జనవరంతా మీ వార్డువాళ్ళ కోసమే వేశాను. పేరు తెలియదు గానీ ఆయనకి కూడా కలిపే వేశాను."

ఆయన గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. "జనవరివి ఏవి?"

"ఆ పొడుగువి. బాస్మతి. ఆ నెల పార్సిల్ రాలేదు, సూపర్‌మార్కెట్‌వే వండాను."

నీళ్ళలోంచి ఒక్కొక్క పొడుగు గింజా ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు. రోజూ సూదులు పట్టే వేళ్ళు. ఓ పది, పన్నెండు గింజలు ఏరి, వాటినే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మళ్ళీ గిన్నెలోకే జార్చాడు.

"ఇవి మనం తినగూడదు," అన్నాడు. "వెనక్కి తీసుకెళ్ళి లాభం లేదు, తడిశాయి. నీ లెక్కలో దేవుని బియ్యం ఎవరికి వండాలి?"

"వచ్చినవాళ్ళకి."

"ఇక్కడ వచ్చినవాళ్ళం మనమే. అయినా ఇంటివాళ్ళూ, పక్కింటివాళ్ళూ ఉన్నారుగా. పద, అమ్మగారిని అడుగుదాం."

మేము గిన్నె, మిగిలిన కవరు పట్టుకుని కిందికి దిగాం. సంగతి కారు ఆయనకి చెబితే, ఆయన తల్లికి చెప్పాడు. ఎంత చెప్పాడో, ఎంత అర్థమైందో తెలియదు. ఆవిడ గిన్నెలో వేళ్ళు పెట్టి గింజలు కదిపి గట్టిగా నవ్వింది.

"అమ్మ అడుగుతోంది," అన్నాడు కొడుకు, "ఇన్ని పొలాల గింజలు ఒక్క సంచిలో ఎవరు పోశారని."

కుక్కరు పక్కన పెట్టించింది. వాళ్ళు గోధుమనూక వండుకునే రెండంతస్తుల పాత్ర తీసింది. కింద శనగలు, గుమ్మడి, కూరగాయలు ఉడుకుతుంటే పైన చిల్లుల గిన్నెలో నానిన బియ్యం ఆవిరి మీద పెట్టింది. కాసేపయ్యాక దించి, పెద్ద పళ్ళెంలో గుమ్మరించి, నూనె రాసిన చేతులతో విడదీసి, నీళ్ళు చిలకరించి మళ్ళీ ఎక్కించింది. అలా మూడుసార్లు. మా వారు పక్కనే నిలబడి, ఆవిడ సైగ చేసినప్పుడల్లా బరువు గిన్నె ఎత్తి దించాడు. మూడోసారి దించేసరికి పొడుగు గింజా, పొట్టి గింజా, ఇడ్లీ బియ్యమూ అన్నీ ఒకే మెత్తన. నేను ఇరవై ఏళ్ళుగా అన్నం వండుతున్నాను. అలాంటి అన్నం వండలేదు.

పొద్దు వాలుతుండగా వాకిట్లో చాపలు వేశారు. పక్కింట్లోవాళ్ళు, ఎదురింటి ముసలాయన, వాళ్ళ పిల్లలు, అందరం కలిసి పదిహేను మంది దాకా. ఆరుబయటే గనక మాస్కులు తీసి జేబుల్లో పెట్టుకున్నాం. నేను ఆవకాయ సీసా తెచ్చాను. కారు ఆయన వేలి చివర రాసుకుని నాకి, కళ్ళ నీళ్ళతో, "ఇదేనా మీ దేశంలో కరోనాకి మందు?" అన్నాడు. అందరూ నవ్వారు.

పళ్ళేలు వచ్చాయి. ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఇంటి పెద్దావిడ మా వైపు చూసింది. బియ్యం మావి కదా, మేము మొదలుపెట్టాలని కాబోలు. మా పిల్లకి ఆకలి దంచుతోంది. తన పనే గనక టక్కున కళ్ళు మూసుకుని, "థాంక్యూ లార్డ్..." అని ఎత్తుకుంది.

ఆయన దాని తల మీద చెయ్యి పెట్టాడు. "ఈ పూట నేను చేస్తానమ్మా."

ప్రార్థనలో కళ్ళు తెరిస్తే మా నాన్నగారు పేపరు చుట్టతో నెత్తిన కొట్టేవారు. నలభై రెండేళ్ళలో మొదటిసారి ప్రార్థన మధ్యలో కావాలనే కళ్ళు తెరిచాను. ఆయన మొహం చూడాలని.

"ప్రభువా," అని ఆగిపోయాడు. ఎదురింటి ముసలాయన చేతులు తెరిచి పట్టుకుని ఓపిగ్గా ఉన్నాడు. "ప్రభువా, ఇవి నీ బియ్యం. మేము తెలియక తిన్నాం, క్షమించు. మాట ఇవ్వకూడని చోట నీ పేరు మీద మాటిచ్చాను, అదీ క్షమించు." ఇక్కడ ఆ రైతు పేరు చెప్పాడు. నేను ఆ పేరు వినడం అదే మొదటిసారి. ఇక్కడ రాయను. "ఆయన్ని లేపడం నా వల్ల కాలేదు. నీకు అప్పగిస్తున్నాను. ఆయన ఇంట్లో ఉన్న అమ్మను చూసుకో. ఈ ఇంటి అమ్మను కూడా చూసుకో, ఈ గదులకి మళ్ళీ మనుషుల్ని పంపు. ఆమెన్."

"ఆమీన్," అంది పచ్చబొట్టు పెద్దావిడ. ఆ ప్రార్థనంతటిలో ఆవిడకి తెలిసిన మాట అదొక్కటే. వాకిట్లో అందరూ అదే అన్నారు.

"దట్ వాజ్ వెరీ షార్ట్, డాడీ," అంది మా పిల్ల సంతోషంగా.

అన్నం మెతుకు మిగలలేదు. నేను ఒక్క ముద్దే తిన్నాను. అదీ ఆవిడ తన చేత్తో ఉండ చేసి నా నోట్లో పెట్టింది గనక. వచ్చినవాళ్ళలో నేనూ ఒకదాన్నని ఒప్పుకున్నాను.

స్లైగోకి తిరిగొచ్చాం. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటిదాకా వానే. మర్నాడు వంట మొదలుపెడుతుంటే ఆయన వెనక నిలబడి, ఖాళీ చాక్లెట్ డబ్బా కడిగి తుడిచి నా పక్కన పెట్టాడు. "జరుగు," అని గ్లాసులోంచి తనే ఒక పిడికెడు తీశాడు. ఆయన చెయ్యి పెద్దది. సగం గ్లాసు పోయింది.

"అంత తీస్తే ఈ పూట మనకేం మిగులుతుందండీ?"

"తప్పు చేసినవాడి పిడికిలి ఇలాగే ఉంటుంది," అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి. ఏమన్నాడో నాకు వినిపించలేదు, నేను అడగలేదు.

భోజనం దగ్గర ప్రార్థన మళ్ళీ ఆయనదయింది. ఇప్పుడు చిన్నగానే ఉంటుంది. రోగులకి మాట ఇవ్వడు. "మీరు నిద్రలో ఉన్నంతసేపూ నేను పక్కనే ఉంటాను," అని మాత్రం చెబుతానన్నాడు. అది తను నిలబెట్టుకోగలిగిన మాట. హాలు తెరిచాక కొత్త డబ్బాలోవి కలిపి పోసినా మేము పట్టుకెళ్ళిన సంచి సగమే నిండింది. మా సంఘం పెద్దాయన ఎత్తి చూసి, "లాక్‌డౌన్‌లో ఇంతేనా సిస్టర్?" అని దెప్పాడు. నేను కథంతా చెబితే సాక్ష్యంగా నిలబడి చెప్పమన్నాడు. అక్కడ మొదటిసారి చెప్పాను. ఇక్కడ రెండోసారి రాశాను.

లీట్రిమ్ వైపు ఒక ఇంట్లో ఒక అమ్మ ఉంది. ఆ చలికాలంలో ఈనిన దూడ ఈపాటికి పెద్దదై ఉంటుంది. ఆమెకు మా సంగతి తెలియదు, తెలియనక్కర్లేదు. ఇది చదివినవాళ్ళలో ఎవరైనా రేపు ఎసట్లో బియ్యం పొయ్యబోతే, ఒక్క క్షణం చెయ్యి ఆపి, ఒక పిడికెడు పక్కన వెయ్యండి. వేస్తూ నాతో కలిసి అడగండి: ప్రభువా, ఆ ఇంటి అమ్మను చూసుకో. పేరు మాకు తెలియకపోయినా, నీకు తెలుసు. ఆమెన్.